దీపం ముందు అయిదు సెకన్లు: పెద్ద చేపల తొట్టికి యూవీ స్టెరిలైజర్ ఎంపిక

యూవీ స్టెరిలైజర్ అన్న పేరులోని రెండో మాట నిజానికి ఆ పరికరానికి అతకదు. స్టెరిలైజ్ చేయడమంటే ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలకుండా చేయడం, ఆపరేషన్ థియేటర్‌లో కత్తెరలకు చేసే పని అది. చేపలు, మొక్కలు, ఇసుక, ఫిల్టర్ ఉన్న తొట్టిలో అటువంటి స్థితి ఎన్నడూ రాదు, వస్తే గనక చేపల విసర్జకాల నుంచి పుట్టే అమ్మోనియాను హాని తక్కువ రూపంలోకి మార్చే బాక్టీరియా కూడా నశించి, ముందుగా పోయేవి చేపలే. ఈ పరికరం చేసేది అంతకంటే చాలా చిన్న పని: తన లోపలి నుంచి పారే నీటిలో, ఆ పారే కొద్ది సెకన్లలో, తేలుతున్న సూక్ష్మజీవులకు కాంతి దెబ్బ తగిలించడం. తొట్టి గోడను పట్టుకున్న పాచి, ఇసుకలో దాగిన గుడ్డు, చేప చర్మంలోకి దూరిన పరాన్నజీవి దాని పరిధిలోకి రావు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే దుకాణంలో వినిపించే వాగ్దానాలలో సగం వాటంతటవే రాలిపోతాయి. మిగిలిన సగాన్ని తేల్చుకోవడానికి కొంత లెక్క అవసరం.

కంటికి కనిపించే ఊదా రంగుకు ఆవల ఉండే కాంతిని అతినీలలోహిత కాంతి అంటారు. అందులో తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం, 200 నుంచి 280 నానోమీటర్ల మధ్య ఉన్న భాగానికి యూవీ-సి అని పేరు. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. సూర్యుడి నుంచి బయలుదేరే యూవీ-సిని వాతావరణంలోని ఓజోను, ఆక్సిజన్ పైనే మింగేస్తాయి కాబట్టి నేలమీది జీవులకు దానిని ఎదుర్కోవలసిన అవసరం రాలేదు. ఎండ తగిలితే బాక్టీరియా పెరగదని 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే పరిశోధకులు చూపించారు. పాదరసపు ఆవిరి దీపం చేతికొచ్చాక, 1910 నాటికి ఫ్రాన్సులోని మార్సెయిల్ నగరంలో తాగునీటి శుద్ధికి ఈ కాంతిని వాడి చూశారు. నేటి తొట్టి పరికరాలలో ఉన్నది కూడా దాదాపు ఆ వంశపు దీపమే: తక్కువ పీడనంలో పాదరసపు ఆవిరి నింపిన గొట్టం, దాని నుంచి వెలువడే శక్తిలో అధికభాగం 253.7 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. జీవకణంలోని డీఎన్ఏ బాగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం ఇంచుమించు 260 నానోమీటర్లు. రెండూ ఇంత దగ్గరగా ఉండడం వల్లనే ఈ దీపం పనిచేస్తుంది.

దెబ్బ ఎలా తగులుతుందో కూడా తెలుసుకోవలసిందే. డీఎన్ఏ నిచ్చెనలో పక్కపక్కనే ఉన్న రెండు థైమీన్ మెట్లు ఈ కాంతిని పీల్చి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అతుకులు ఎక్కువైన కణం తన డీఎన్ఏకు నకలు తీసుకోలేదు కాబట్టి రెండుగా చీలలేదు. అంటే పరికరం దాటి వచ్చిన బాక్టీరియా అక్కడికక్కడే చావకపోవచ్చు, సంతతి లేకుండా మిగిలిపోతుంది. అయితే దెబ్బ తక్కువగా తగిలితే ఆ అతుకులను విప్పుకునే యంత్రాంగం చాలా సూక్ష్మజీవులలో ఉంది, పైగా అది మామూలు వెలుతురు సాయంతోనే పనిచేస్తుంది. ఈ సంగతిని 1949లో ఆల్బర్ట్ కెల్నర్ బయటపెట్టాడు. రోజుకు పది గంటలు దీపాలు వెలిగే తొట్టిలో ఇది చిన్న విషయం కాదు. అరకొర మోతాదు ఇచ్చే పరికరం సూక్ష్మజీవులను కాసేపు మూర్ఛపోగొట్టి, లేపడానికి వాటిని తిరిగి వెలుతురులోకే పంపుతుందన్నమాట.

తెలుగు ఇళ్లలో చాలామందికి యూవీ దీపం ముందే పరిచయం, వంటింటి గోడకు వేలాడే వాటర్ ప్యూరిఫయర్‌లో అది ఉంటుంది. కోస్తాలోని రొయ్యల హేచరీలలో సముద్రపు నీటిని ఇటువంటి దీపాల మీదుగా పంపడం కూడా ఆ రంగంలో ఉన్నవారికి తెలిసిన పనే. కానీ ఈ రెంటికీ చేపల తొట్టికీ మధ్య మౌలికమైన తేడా ఉంది. ప్యూరిఫయర్‌లో నీరు ఒక్కసారే దీపం దాటి గ్లాసులో పడుతుంది, దాటని చుక్క ఒక్కటీ గ్లాసులోకి రాదు. తొట్టిలో అలా కాదు: శుద్ధి అయిన నీరు మళ్లీ శుద్ధి కాని నీటిలోనే కలుస్తుంది, ఆ కలిసిన దానిలోంచే పంపు మళ్లీ కొంత తీసుకుంటుంది. 900 లీటర్ల తొట్టి నుంచి గంటకు 900 లీటర్ల చొప్పున పంపు తోడుతుంటే గంట గడిచేసరికి నీరంతా దీపం దాటేసినట్టు అనిపిస్తుంది గాని, గణితం ఒప్పుకోదు. కొన్ని చుక్కలు రెండు మూడుసార్లు తిరిగి రాగా, సుమారు 37 శాతం నీరు ఒక్కసారి కూడా దీపాన్ని చూడకుండా మిగులుతుంది. మూడు గంటలకు అలా మిగిలేది 5 శాతం, అయిదు గంటలకు ఒక శాతం కంటే తక్కువ. ఎంతసేపు నడిపినా ఆ మిగులు సున్నా కాదు, ఈలోగా మిగిలినవి పిల్లలను పెడుతూనే ఉంటాయి.

కాబట్టి అసలు ప్రశ్న దీపం ఎంత పెద్దది అన్నది కాదు, ఎదుట ఉన్న జీవి ఎంత వేగంగా పెరుగుతుంది, పరికరం దానిని ఎంత వేగంగా ఏరేస్తుంది అన్నది. పచ్చ నీటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. కిటికీ ఎండ పడే చోట, ఎరువు ఎక్కువైన నీటిలో, క్లోరెల్లా వంటి ఏకకణ శైవలాలు కోట్లకొద్దీ తేలి నీటిని పెసర కషాయంలా మారుస్తాయి. అవి ఎంత చిన్నవంటే స్పాంజి, దూది వంటి ఫిల్టర్ మాధ్యమాల గుండా ఇట్టే జారిపోతాయి, నీళ్లు మార్చినా రెండు రోజుల్లో తిరిగొస్తాయి. అటువంటి శైవలం అనుకూల పరిస్థితుల్లో రోజుకు ఒకసారి రెట్టింపవుతుందని అనుకుంటే, గంటకు దాని పెరుగుదల 3 శాతం చుట్టూ మాత్రమే ఉంటుంది. తొట్టి నీటి పరిమాణమంత నీరు రెండు గంటలకు ఒకసారి దీపం దాటినా ఏరివేత పెరుగుదలకు పదిహేను రెట్లకు పైగా ఉంటుంది. ఇంత ఏకపక్షమైన పోరు కాబట్టే పచ్చ నీటి మీద యూవీ పరికరం విఫలం కావడం చాలా అరుదు. కొద్ది రోజుల్లో కణాలు చచ్చి, ముద్దలు కట్టి, ఫిల్టర్‌కు చిక్కి, నీరు గాజులా తేటబడుతుంది. చచ్చిన శైవలం కుళ్లి అమ్మోనియాగా మారుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఫిల్టర్ దూదిని తరచుగా కడగవలసి ఉంటుంది. కిటికీ ఎండ, మితిమీరిన మేత మాత్రం అలాగే ఉంటే దీపం ఆర్పిన వారానికే పచ్చదనం తిరిగి వస్తుంది.

కొత్త తొట్టిలో కనిపించే తెల్లటి మసక వేరు. అది బాక్టీరియా గుంపు, ఆహారం పుష్కలంగా ఉన్న చోట కొన్ని గంటల్లోనే, ఒక్కొక్కసారి గంటలోపే రెట్టింపవుతుంది. గంటకు ఒక చుట్టు తిరిగే నీటితో ఆ వేగాన్ని అందుకోవడం కష్టం, అందుకున్నా అవసరం లేదు. మేత తగ్గించి వారం పది రోజులు ఓపిక పడితే తేలేవి తగ్గి, అంటుకుని బతికేవి స్థిరపడతాయి. ఇక్కడొక సాధారణ భయాన్ని తీర్చాలి: అమ్మోనియాను మార్చే మేలైన బాక్టీరియా ప్రధానంగా ఫిల్టర్ మాధ్యమాన్నీ రాళ్లనూ పట్టుకుని జీవిస్తుంది, నీటిలో తేలదు, అందువల్ల కుదురుకున్న తొట్టిలో యూవీ దానికి చెప్పుకోదగ్గ కీడు చేయదు. సీసాలో అమ్మే బాక్టీరియా ద్రావణం పోసిన తొలి రోజుల్లో మాత్రం, అది అంటుకునేదాకా, దీపం ఆర్పి ఉంచాలి.

పెద్ద తొట్టి యజమానులు యూవీ కోసం వెతికేలా చేసే రెండో కారణం తెల్ల మచ్చల వ్యాధి. ఈ పేరు వినగానే భీమవరం వైపు రైతులకు రొయ్యల చెరువులను ఊడ్చేసే వైరస్ గుర్తొస్తుంది, కానీ పెంపుడు చేపల తెల్ల మచ్చలకు దానితో ఏ సంబంధమూ లేదు. ఇక్కడి దోషి ఇచ్థియోఫ్తీరియస్ అనే ఏకకణ జీవి, అభిరుచిదారులు దాన్ని ఇక్ అని కుదించి పిలుస్తారు. దాని జీవితానికి మూడు అంకాలు. చేప చర్మం కింద ఉప్పు రవ్వలా కనిపిస్తూ మేసి బలిసేది మొదటిది. అది రాలి, అడుగున ఇసుకకో రాయికో అంటుకుని, చుట్టూ పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలేది రెండోది. ఆ పిల్లలు పొర చీల్చుకుని వచ్చి కొత్త చేప కోసం ఈదేది మూడోది. మొదటి రెండు అంకాలలో దీపం దానిని తాకలేదు. మూడో అంకంలో, అదీ ఒకటి రెండు రోజులు మాత్రమే, అది నీటిలో ఉంటుంది. ఆ వ్యవధిలో పంపు లాక్కునే అవకాశం కాగితం మీద బాగానే కనిపిస్తుంది గాని, ఆ పిల్లలు నీటితో పాటు కొట్టుకుపోయే రజను కావు, ఈదే జీవులు. రాత్రి అడుగున పడుకునే చేప పక్కనే పొర చిట్లితే పంపు దాకా అవి ఎందుకు ప్రయాణిస్తాయి? అందువల్ల ఒకే తొట్టిలో యూవీ ఈ వ్యాధి ఉధృతిని తగ్గించగలదు, చికిత్సకు బదులు కాలేదు. వ్యాధి సోకాక హడావుడిగా కొన్న పరికరం మీద పెట్టిన ఆశ ఎక్కువసార్లు వమ్మవుతుంది.

అదే పరికరం అసలు సత్తా చూపే చోటు మరొకటుంది: అనేక తొట్లు ఒకే ఫిల్టర్‌కు కలిసి ఉన్న అమరిక. అలంకార చేపల దుకాణాలలో, పెంపకం గదులలో పది ఇరవై తొట్ల నీరు ఒక సంప్‌లోకి దిగి, అక్కడి నుంచి తిరిగి పైకి వెళ్తుంది. ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి వెళ్లే ప్రతి చుక్కా, ప్రతి పరాన్నజీవీ తప్పనిసరిగా దీపం దాటే వెళ్లాలి, అంటే వంటింటి ప్యూరిఫయర్ పరిస్థితి ఇక్కడ తిరిగి వచ్చినట్టే. ఇంట్లో రెండు మూడు పెద్ద తొట్లను ఒకే సంప్‌తో నడిపేవారికి యూవీ విలాసం కాదు, ఒక తొట్టి రోగం మిగిలిన వాటికి పాకకుండా ఉండే తలుపు.

ఇక మోతాదు. నీటిలోని ఒక బిందువుకు తగిలే కాంతి తీవ్రతను, అది తగిలిన కాలంతో హెచ్చిస్తే వచ్చేదే మోతాదు. దీన్ని చదరపు సెంటీమీటరుకు మిల్లీజౌళ్లలో చెబుతారు. పాత పట్టికల్లోనూ పెట్టెల మీదా మైక్రోవాట్-సెకన్లు అని ఉంటే, ఆ అంకెను వెయ్యితో భాగిస్తే మిల్లీజౌళ్లు వస్తాయి. అనేక బాక్టీరియాకూ తేలే శైవలాలకూ సాధారణంగా 15 నుంచి 30 మిల్లీజౌళ్లు లెక్కలోకి తీసుకుంటారు. తాగునీటి యూవీ పరికరాలకు విస్తృతంగా అడిగే ప్రమాణం 40. ఇక్ పిల్లలకు సుమారు 100. సముద్రపు తొట్లలో తెల్ల మచ్చలు తెచ్చే క్రిప్టోకారియాన్‌కు 280 వరకు చెబుతారు. శరీరం పెద్దదయ్యే కొద్దీ కాంతి లోపలికి చేరడం కష్టమవుతుంది కాబట్టి అంకెలు ఇలా పెరుగుతాయి.

ఈ మోతాదు తన పరికరం ఇస్తుందో లేదో తయారీదారు చెప్పకపోయినా అంచనా కట్టే దారి ఒకటుంది. పరికరంలో నడుమ దీపం, దాని చుట్టూ నీటిని ఆపే క్వార్ట్జ్ గొట్టం, దాని చుట్టూ బయటి ఒళ్లు ఉంటాయి. క్వార్ట్జ్ గొట్టానికీ ఒంటికీ మధ్య ఎడంలో నీరు పారుతుంది. దీపం ఇచ్చే యూవీ-సిని మిల్లీవాట్లలో రాసి, ఆ ఎడాన్ని సెంటీమీటర్లలో రాసి రెంటినీ హెచ్చించి, సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల నీరు పారుతోందో ఆ అంకెతో భాగిస్తే మోతాదు సుమారుగా వస్తుంది. గొట్టం పొడవు ఈ లెక్కలో కనిపించకపోవడం వింతగా తోస్తుంది గాని కారణం తేలికే: పొడవు పెరిగితే నీరు ఎక్కువసేపు నిలుస్తుంది, అదే శక్తి ఎక్కువ చోటికి పరుచుకుని తీవ్రత తగ్గుతుంది, రెండూ ఒకదానినొకటి కొట్టివేస్తాయి.

25 వాట్ల దీపాన్ని తీసుకుంటే, అది కరెంటు నుంచి తీసుకునే 25 వాట్లలో యూవీ-సిగా మారేది ఏడు వాట్ల చుట్టూ మాత్రమే, మిగిలింది వేడి, కొంత నీలి వెలుగు. గొట్టం మింగేదానికి పదోవంతు, దీపం పాతబడే కొద్దీ తగ్గేదానికి అయిదోవంతు తీసేస్తే చేతికొచ్చేది 5 వాట్లు, అంటే 5,000 మిల్లీవాట్లు. గొట్టం బయటి వ్యాసం 3 సెంటీమీటర్లు, ఒంటి లోపలి వ్యాసం 7.5 సెంటీమీటర్లు అయితే ఎడం 2.25. గంటకు 1,000 లీటర్లంటే సెకనుకు 278 మిల్లీలీటర్లు. లెక్క 40కి వస్తుంది, నీరు తానుగా పీల్చుకునే భాగం తీస్తే 36 మిల్లీజౌళ్లు. ఇటువంటి పరికరంలో నీరు దీపం ముందు నిలిచే కాలం అయిదు సెకన్లకు కొంచెం తక్కువ. పంపును గంటకు 3,000 లీటర్లకు పెంచితే అది సెకన్నరకు పడిపోయి మోతాదు 12 అవుతుంది, శైవలానికి కూడా చాలని స్థితి. ఇక్ కోసం 100 కావాలంటే ప్రవాహాన్ని గంటకు 360 లీటర్లకు తగ్గించాలి. అప్పుడు 900 లీటర్ల నీరు ఒక చుట్టు తిరగడానికి రెండున్నర గంటలు పడుతుంది. నెమ్మదిగా పంపితే దెబ్బ గట్టిగా తగులుతుంది, దెబ్బ తినే నీరు తగ్గుతుంది. వేగంగా పంపితే నీరంతా తిరుగుతుంది, దెబ్బ తేలికవుతుంది. ఈ రెంటినీ ఒకేసారి కావాలనుకునేవారికి దీపం పెంచడం తప్ప వేరే మార్గం లేదు.

ఈ లెక్కను 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టికి అన్వయిస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. దాని పూర్తి ఘనపరిమాణం 1,060 లీటర్లు, ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను నీరు 900. పచ్చ నీరు ఒక్కటే బాధ అయితే 11 వాట్ల దీపమున్న చిన్న పరికరం, గంటకు ఐదారువందల లీటర్ల ప్రవాహంతో, ఆ పని హాయిగా చేస్తుంది. 55 వాట్లది అమ్మజూపే దుకాణదారుకు లాభం తప్ప తొట్టికి అదనంగా ఒరిగేది లేదు. పరాన్నజీవుల పిల్లలను ఆపడమే ఉద్దేశమైతే 11 వాట్లది దండగ, 25 వాట్లది అంచున ఉంటుంది, యూవీ-సి 17 వాట్ల దాకా ఇచ్చే 55 వాట్ల దీపంతోనే గంటకు ఒక చుట్టూ, 100 మిల్లీజౌళ్లూ రెండూ కలిసి వస్తాయి. మార్కెట్లో మొదటి పనికి సరిపోయే వాటిని క్లారిఫయర్లని, రెండో పనికి సరిపోయే వాటిని స్టెరిలైజర్లని అంటారు గాని, తరచుగా పరికరం ఒకటే, పంపు వేగాన్ని బట్టి పేరు మారుతుంది.

అందువల్ల పెట్టె మీద "2,000 లీటర్ల తొట్టి వరకు" అని రాసి ఉండడం ఏమీ చెప్పినట్టు కాదు. ఏ ప్రవాహం దగ్గర, ఎంత మోతాదు, దీపం కొత్తగా ఉన్నప్పుడా ఆయువు చివరనా అన్న మూడు సంగతులు చెప్పే తయారీదారును నమ్మవచ్చు. వాట్లను దీపానికి కాకుండా పంపుతో కలిపి చెప్పేవారూ ఉన్నారు, నీలి రంగు ఎల్ఈడీ పెట్టి యూవీ అనేవారూ ఉన్నారు. దొంగనోట్లు పట్టే దీపాల్లో ఉండే 365, 395 నానోమీటర్ల కాంతి కూడా అతినీలలోహితమే, కాని తొట్టిలో దాని వల్ల ఉపయోగం నామమాత్రం. అసలైన యూవీ-సి ఎల్ఈడీలు వచ్చాయి, పాదరసం లేకపోవడం, వెంటనే వెలగడం వాటి గుణాలు. కాని కరెంటును కాంతిగా మార్చడంలో అవి పాదరసపు దీపం కంటే ఇంకా వెనుకబడే ఉన్నాయి కాబట్టి పెద్ద తొట్టికి ఇప్పటికి దీపమే నయం. నీటినీ దీపాన్నీ వేరుచేసే గొట్టం క్వార్ట్జ్‌దై ఉండాలి, మామూలు గాజు 254 నానోమీటర్ల కాంతిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తొట్టిలోనే ముంచి పెట్టే చవకరకం దీపాల్లో కాంతి బయటికి కారి చేపల కళ్లకూ మొక్కలకూ తగిలే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం చాలా సాదా: ఈ దీపం, ఈ గొట్టం, ఈ రబ్బరు రింగు ఏడాది తర్వాత ఈ ఊళ్లో విడిగా దొరుకుతాయా? దొరకని పరికరం ఎంత గొప్పదైనా ఏడాదికి పారేసేదే.

పంపు పెట్టె మీద గంటకు 3,000 లీటర్లని ఉన్నా, నాలుగడుగుల ఎత్తు ఎక్కించి, రెండు మూడు మలుపులు తిప్పి, మురికి పట్టిన ఫిల్టర్ గుండా తోసేసరికి అది సగానికి పడిపోవడం మామూలే. తిరిగి వచ్చే పైపు కింద పది లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి పట్టిన సెకన్లు లెక్కపెడితే అసలు సంగతి తేలుతుంది. 36 సెకన్లు పడితే గంటకు 1,000 లీటర్లు. ఫిల్టర్‌కు వెళ్లే నీరంతా యూవీ గుండా పంపనవసరం లేదు, ఒక టీ జాయింటు, ఒక బాల్ వాల్వ్ పెట్టి కావలసినంత మాత్రమే మళ్లించడం పెద్ద తొట్లలో మేలైన పద్ధతి. మడ్డి దీపం ముందు నీడ వేయకుండా పరికరం ఫిల్టర్ తర్వాతే ఉండాలి. నిలువుగా బిగిస్తే నీరు కింద నుంచి ఎక్కి పైనుంచి పోవాలి, లేకపోతే గాలి బుడగ పైన చిక్కుకుని కొంత గొట్టం పొడిగా మిగులుతుంది.

నీటి రంగు చాలామంది పట్టించుకోని అంశం. డిస్కస్, ఫైటర్ చేపల కోసం బాదం ఆకులు వేసే అలవాటున్న చోట, పెద్ద చెక్కమొద్దులు పెట్టిన చోట, నీరు పలుచని టీ రంగుకు తిరుగుతుంది. కంటికి అందంగానే ఉంటుంది గాని, ఆ రంగు పదార్థాలు యూవీని ఇష్టంగా పీల్చుకుంటాయి. సెంటీమీటరు లోతుకు 95 శాతం కాంతిని వదిలే నీటిలో 2.25 సెంటీమీటర్ల అవతల 89 శాతం మిగిలితే, 70 శాతమే వదిలే నీటిలో మిగిలేది 45 శాతం. ఎడం ఎక్కువగా ఉన్న పెద్ద ఒళ్లు ఇటువంటి నీటిలో తమ లాభాన్ని పోగొట్టుకుంటాయి. నీటి దారిలో యూవీకి ముందు యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెడితే రంగు తగ్గుతుంది. ఆకుల నీరే కావాలనుకునేవారు యూవీ ఆలోచన మానుకోవడమే తెలివి.

తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీటితో తొట్టి నింపేవారికి దీనికి తోడు సున్నం బాధ. దీపం వేడికి క్వార్ట్జ్ గొట్టం నీటి కంటే వెచ్చగా ఉంటుంది, గీజరు కాయిల్ మీద పేరుకున్నట్టే దాని మీద కూడా సున్నపు పొర పేరుకుంటుంది, మీద జీవుల జిగురు పట్టి పొరను గట్టి చేస్తుంది. బయటి నుంచి చూస్తే దీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల కాంతి పొరలోనే ఆగిపోతుంది. గట్టి నీరున్న చోట రెండు మూడు నెలలకొకసారి గొట్టం తీసి, వెనిగర్‌లోనో నిమ్మ ఉప్పు కలిపిన నీటిలోనో కాసేపు నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడవాలి. పీచు పెట్టి రుద్దితే పడే గీతలు పోవు. ఈ పని తేలికగా జరగాలంటే పరికరానికి రెండు వైపులా వాల్వులు, యూనియన్ జాయింట్లు ముందే బిగించి ఉండాలి. వాటి ఖర్చు ఆదా చేసినవారు గొట్టం శుభ్రం చేయడమే మానేస్తారు, అది మానవ స్వభావం.

కరెంటు లెక్క పెద్దది కాదు: 55 వాట్ల దీపం రోజంతా వెలిగితే నెలకు 40 యూనిట్లు, 11 వాట్లది 8 యూనిట్లు. వేసవిలో వేడి మాత్రం లెక్కించవలసిందే. 55 వాట్ల వేడి ఎటూ పోకుండా 900 లీటర్ల నీటిలోనే నిలిస్తే రోజుకు డిగ్రీకి పైగా పెరుగుతుంది. ఎంతో కొంత గాలికి పోతుంది గాని, మే నెలలో ఇప్పటికే 32 డిగ్రీలున్న తొట్టికి, ఆక్సిజన్ తక్కువ పట్టే వెచ్చని నీటికి, అది అక్కర్లేని భారం. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో ప్రమాదం: పంపు ఇన్వర్టర్ మీద లేక ఆగిపోయి, దీపం మాత్రం వెలుగుతూ ఉంటే, ఒంట్లో చిక్కిన లీటరు నీరు వేడెక్కుతూ పోతుంది. రెండూ ఒకే ప్లగ్ మీద ఉండాలి. నీరు, కరెంటు కలిసే ఈ అమరికకు కరెంటు కారితే 30 మిల్లీఆంపియర్ల దగ్గర తెగే ఆర్సీసీబీ అనే రక్షణ స్విచ్చు తప్పనిసరి. తీగ ప్లగ్‌లోకి వెళ్లే ముందు కిందికి వంపు తిరిగి వేలాడితే, తీగ వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

దీపాన్ని ఆర్పవలసిన సందర్భాలూ ఉన్నాయి. మెథిలీన్ బ్లూ, మలకైట్ గ్రీన్ వంటి మందులు ఈ కాంతికి విరిగిపోతాయి, మందు పోసి దీపం వెలిగిస్తే మందు డబ్బులు వృథా. మొక్కల కోసం పోసే ద్రవ ఇనుము కూడా, దాన్ని పట్టి ఉంచే ఈడీటీఏ వంటి పదార్థం కాంతికి చెదరడంతో, తుప్పులా కిందికి దిగిపోతుంది. మొక్కల తొట్టిలో పరికరాన్ని రాత్రిపూట కొన్ని గంటలు మాత్రమే నడపడం దీనికి సర్దుబాటు. వెలుగుతున్న దీపాన్ని ఒంట్లోంచి బయటికి తీసి చూడడం ఎవరూ చేయకూడని పని, వెల్డింగ్ మంటను చూసినవారి కళ్లలా కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మండుతాయి, చర్మం కములుతుంది.

దీపం ఆయువు సాధారణంగా 8,000 నుంచి 9,000 గంటలు. రోజంతా వెలిగితే 9,000 గంటలంటే 375 రోజులు. ఆ తర్వాత కూడా అది మునుపటి నీలి వెలుగుతోనే వెలుగుతుంది, ఎందుకంటే కంటికి కనిపించే ఆ వెలుగు వేరు, పనిచేసే యూవీ-సి వేరు. రెండోది గాజు నల్లబడే కొద్దీ తగ్గిపోతూ ఉన్నా చూసేవారికి తెలిసే దారి లేదు. అందుకే అనుభవజ్ఞులు దీపం మార్చిన తేదీని చెరగని మార్కర్‌తో పరికరం ఒంటి మీదే రాసి పెడతారు. తీసిన పాత దీపంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది కాబట్టి దాన్ని ట్యూబ్‌లైట్లతో పాటు విడిగా, కొత్త దీపం వచ్చిన అట్టపెట్టెలోనే చుట్టి అప్పగించాలి. చేతిలో పగిలితే కిటికీలు తెరిచి, గదిలోంచి కాసేపు బయటికి వెళ్లి, తర్వాత ముక్కలను చీపురుతో కాకుండా అట్టముక్కతో ఎత్తి, పొడిని తడి కాగితంతో అద్ది, మూత బిగుతుగా ఉండే సీసాలో వేయాలి.